మూడు తరాల కుక్క

కోట మండలంలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మా ఊరి ప్రజలకు తెలియజేయడమేమనగా, రొయ్యల గుంటల యజమాని నరేంద్రబాబు గారు ఒక వేటకుక్కను కొనదలచి, అరవదేశపు జాతుల్లో రాజపాళయమా, చిప్పిపారైయా అన్నది తేల్చడానికి ఐదుగురు పెద్దమనుషులతో ఒక సంఘం వేశారు. అందులో నేనొకణ్ణి. ముప్పై నాలుగేళ్లు పంతులుద్యోగం చేసి హెడ్మాస్టరుగా దిగినవాణ్ణి కాబట్టి, ఊళ్లో ఎవరికి సాక్షి సంతకం కావాలన్నా నా గుమ్మమే ఎక్కుతారు. నా పెన్ను ఊరికే కదలదని కూడా అందరికీ తెలుసు.

వేటకుక్క అన్నాక వేటాడటానికి ఏదో ఒకటి ఉండాలి గదా అని మీరనవచ్చు. మా ఊళ్లో రొయ్యలున్నాయి, అవి పరిగెత్తవు. ఆ రొయ్యల్ని మింగే నీటికాకులున్నాయి, అవి ఎగిరిపోతాయి. పీతలున్నాయి, వాటి జోలికి బుద్ధున్న కుక్కేదీ పోదు. అయితే పక్క ఊరి గుంటలాయన గేటుకు ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని బోర్డు పెట్టి ఆరునెలలైంది. నరేంద్రబాబు గారి గేటు అప్పట్నుంచీ బోసిగా కనిపిస్తోంది. ఇంతకంటే కారణమేం కావాలి?

సోమవారం ఆయన వరండాలో సంఘం కూర్చుంది. తండ్రి పద్మనాభయ్య గారిది చిప్పిపారై పక్షం. సన్నంగా ఉంటుంది, తిండి తక్కువ, పరుగెక్కువ, ఒక్క యజమాని మాటే వింటుంది. ఆ ఒక్క యజమాని తామేనని ఆయన ధీమా. కోడలు ఉషారాణి గారిది రాజపాళయం పక్షం. తెల్లగా ఉంటుంది, ముక్కు గులాబి రంగు, కొత్తగా వేయించిన టైల్సుకు చక్కగా అమరుతుంది. నరేంద్రబాబు గారు తండ్రి దగ్గర చిప్పిపారై, భార్య దగ్గర రాజపాళయం. ఇద్దరూ ఒకచోట ఉంటే ఫోను చూసుకునేవారు.

అంత ముఖ్యమైన చర్చ మధ్యలో పోలేరయ్య వచ్చాడు. గుంటల కాపలా అతనిదే. గట్టు మీద గుడిసెలో పెళ్లాంబిడ్డలతో ఉంటాడు. యానాది. కూతురు రోజాకు గురుకులం బడిలో సీటొచ్చిందట. శనివారం లోపల కులం కాగితం చూపకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుందట. కాగితం కావాలంటే ‘ఈ కుటుంబాన్ని నేనెరుగుదును’ అని ఊరి పెద్దమనిషి ఒకరు సంతకం పెట్టాలట.

“మీ నాయనదో, మీ తాతదో కాగితం ఏమన్నా ఉండాదా?” అన్నాను.

“మాకు కాగితాలు యాడుంటాయి సారూ? మా తాత చెంచయ్యే గదా. మీరెరగంది కాదే.”

“ఎరగడం వేరు, కాగితం వేరురా. వంశం తెలీకుండా సంతకం ఎట్టా పెట్టేది?”

నా నిక్కచ్చితనానికి సంఘమంతా తలూపింది. పోలేరయ్య పోతూ పోతూ ఒక అజ్ఞానపు మాట అని పోయాడు. “నీటికాకుల్ని తోలేదానికి కుక్కెందుకు బాబూ? నేను రేకుడబ్బా కొడతానే ఉండాను గదా.” మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. వేట సంగతి వీడికేం తెలుసు!

బుధవారం తడ అవతల నుంచి ఇద్దరు అమ్మకందార్లు కుక్కల్ని తెచ్చారు. పద్మనాభయ్య గారు లేచి నిలబడి ప్రసంగించారు. “మనం ఇంటికి తెచ్చుకునేది కుక్కను కాదు. ఒక వంశాన్ని. వంశం మంచిదైతే గుణం దానంతటదే వస్తది. ఈ కాలంలో మనుషుల్లో కరువైన ఆ శుద్ధి, కుక్కల్లోనన్నా మిగిలుండటం మన అదృష్టం!” చప్పట్లు కొట్టాం. చిప్పిపారైని తెచ్చినాయన తల గోక్కుంటూ, “తల్లి మంచి రకం సార్, తండ్రి సంగతి మాత్రం అడగబాకండి” అన్నాడు. పద్మనాభయ్య గారు ఆ క్షణమే పార్టీ మార్చారు.

రాజపాళయానికి కాగితం ఉంది. ముద్ర ఉంది. జాతి రాజపాళయం, తండ్రి వీరన్, తల్లి పొన్ని, తాత ముత్తు. వాళ్లెవర్నీ మాలో ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. ‘పై వంశాన్ని నేనెరుగుదును’ అన్నచోట నా పెన్ను వెన్నలో దిగినట్టు దిగింది.

కింద ఇంకో గడి ఉంది. కుక్కకు రోజూ అన్నం పెట్టి, పెంట ఎత్తే మనిషి పేరు రాయాలట. అందరం ఒకరి మొహాలొకరం చూసుకుని, తర్వాత గట్టు వైపు చూశాం. పోలేరయ్య పేరు, ఊరు రాశాం. దానికీ నేనే సంతకం పెట్టాను.

పోలేరయ్య ఆ కాగితం జిరాక్సు అడిగి తీసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతని పేరూ, ఒక ముద్రా, నా సంతకమూ ఒకేచోట ఉన్న కాగితం అదొక్కటే. శుక్రవారం దాన్ని మండలాఫీసులో ఇచ్చాడు. కంప్యూటరు ముందు కూర్చునే శివశంకర్ శ్రద్ధగల కుర్రాడు. కాగితంలో ఎలా ఉంటే అలా కొడతాడు. గంటలో ధ్రువపత్రం వచ్చేసింది. ‘రోజా, తండ్రి పోలేరయ్య. కులం: రాజపాళయం.’

“జాతి అంటే కులమే గదా” అన్నాడట శివశంకర్. “మార్చాలంటే, వీళ్లు కుక్కలు కారని పెద్దమనిషి సంతకం తీసుకురా.”

శనివారం ఉదయం సంఘమంతా గట్టు మీదికి పోయి కుక్క ప్రతాపం చూడబోయాం. అది ఒక పీతను చూసి వెనక్కి గెంతి గుంటలో పడింది. మునుగుతూ తేలుతూ ఉంటే పోలేరయ్య దూకి, మెడ పట్టి గట్టుకు లాగాడు.

“అచ్చం మీ తాతేరా! చిన్నప్పుడు కాలవలో మునిగిపోతుంటే నన్నూ ఇట్టానే జుట్టు పట్టి లాగినాడు” అన్నాను. నోరు జారింది.

పోలేరయ్య నీళ్లోడుతూనే ప్లాస్టిక్ కవర్లోంచి నేను సంతకం పెట్టాల్సిన కాగితం తీశాడు. “అయితే మమ్మల్ని ఎరుగుదురు గదా సారూ. ఆఫీసు ఒంటిగంటకు మూస్తారంట.”

నలుగురు పెద్దమనుషులు నా వైపు చూశారు. సోమవారం లేదన్నది శనివారం ఉందంటే నా సంతకానికి విలువేముంటుంది? బాధేసింది. కాని బాధ వేరు, సంతకం వేరు. “మళ్లా సోమవారం రా, ఆలోచిద్దాం” అని పెన్ను మూత పెట్టాను.

సీటు పోయింది. పోలేరయ్యకు ఇప్పుడు కుక్క పనితోనే సరిపోతోంది కాబట్టి, గట్టు మీద రేకుడబ్బా రోజా కొడుతోంది. చాలా చక్కగా కొడుతోందని సంఘం అభినందించింది కూడా.

నిన్న గేటుకు బోర్డు తగిలించారు. రాసేవాడు తప్పు రాశాడు, ‘కుక్కలున్నాయి జాగ్రత్త’ అని. అయిదుగురమూ గేటు ముందు నిలబడి ఉన్నాం. తప్పును చూసి ఊరుకునే అలవాటు నాకు లేదు. “ఇంట్లో ఉండేది ఒకటే గదా, మార్పించండి” అన్నాను.

కుక్కకు అన్నం గిన్నె తీసుకుపోతున్న పోలేరయ్య ఆగి, మా అయిదుగురినీ ఒకసారి చూసి, “మార్చే పన్లేదు సారూ, సరిగ్గానే ఉండాది” అన్నాడు.