గేటు దాటని వేషం

భీమిలి బీచ్ రోడ్డులో ఉన్న కథలకోట రిసార్టులో, రాజభోజనశాలలో రాక్షసుడి వేషం వేసే బెవర దాలినాయుడికి, ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ల రెండు నెలలకి, ఒక గురువారం సాయంత్రం డ్యూటీ దిగాక వేషం ఊడి రాలేదు. మెడ వెనక జిప్పు కోసం తడుముకుంటే జిప్పు ఉండాల్సిన చోట వెన్నెముక తగిలింది. కొమ్ములు పట్టుకుని లాగితే కళ్లంట నీళ్లొచ్చాయి. పక్క అద్దం ముందు కిరీటం తీసి పెట్టెలో పెట్టుకుంటున్న రాకుమారి వేషధారి లలితకుమారి వచ్చి, రెండు చేతులతో తోక పట్టుకుని ఒక్క గుంజు గుంజి చూసింది.

"అన్నా, ఇది నీదే అయిపోయినట్టుంది," అంది.

"పొద్దున్నకి వదులవుతాదేమోలే," అన్నాడు దాలినాయుడు.

పొద్దున్నకి వదులవలేదు సరికదా, గోళ్లు ఇంకో అరంగుళం పెరిగాయి. రిసార్టు డాక్టరు బీపీ చూసి, ఈ సైజు రాక్షసుడికి ఇది నార్మలేనని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని దాలినాయుడు హెచ్చార్ మేనేజరు సుచరిత గది ముందు నిలబడ్డాడు. తలుపులోంచి కొమ్ములు పట్టక పక్కవాటుగా తిరిగి లోపలికి వెళ్లాడు. ఆవిడ కుర్చీ చూపించింది, మంచినీళ్లు తెప్పించింది. ఆవిడ చెడ్డమనిషి కాదు.

"కంగారు పడకండి దాలినాయుడు గారూ. మన దగ్గర ఇది రెండో కేసు. మాట్లాడే చిలుక వేసే ఈశ్వర్రావు గారికి పోయినేడాది ఇలాగే అయింది. ఇప్పుడు హాయిగా ఉన్నారు. జామపళ్లు తెప్పిస్తున్నాం."

"నేను ఇంటికెళ్లాలి మేడమ్. రెండ్రోజులైంది."

"తప్పకుండా వెళ్లండి. మిమ్మల్ని ఎవరు ఆపుతారు?" అని ఆవిడ ఫైలు తిప్పింది. "వేషం మాత్రం గేటు దాటకూడదు. అది కంపెనీ ఆస్తి. రోజూ డ్యూటీ అయ్యాక స్టోర్లో అప్పగించాలని మీరు సంతకం పెట్టారు, ఇదిగో."

దాలినాయుడు సంతకం చూసుకున్నాడు. తనదే. గుండ్రంగా, ఓపిగ్గా పెట్టిన పాత సంతకం. ఇప్పుడా గోళ్లతో అలా పెట్టలేడు.

"అంటే నేనెళ్లొచ్చు, ఇది ఎళ్లకూడదు."

"సరిగ్గా అర్థం చేసుకున్నారు," అంది సుచరిత సంతోషంగా.

అలా అతను స్టోర్ రూములో, ఏనుగు తొడుగుకీ మంత్రగత్తె చీపుళ్లకీ మధ్య, పద్నాలుగో నంబరు కొక్కెం కింద పడుకోవడం మొదలుపెట్టాడు. వేలిముద్ర మిషను అతన్ని గుర్తుపట్టడం మానేసింది కాబట్టి రిజిస్టర్లో దాలినాయుడికి రోజూ గైర్హాజరు పడేది. స్టోర్ రిజిస్టర్లో మాత్రం రాక్షసుడు, ఒకటి, బాగానే ఉంది అని రాసుకునేవారు. ఎటొచ్చీ పనికి ఏ లోటూ లేదు. పైగా గర్జన ఇదివరకటికంటే సహజంగా ఉందని అతిథులు కామెంట్ల పుస్తకంలో రాశారు.

గోళ్లకి ఫోను పలకదు కాబట్టి లలితకుమారే అతని భార్య గౌరికి ఫోను చేసి విషయం చెప్పింది. గౌరి తగరపువలసలో రొయ్యల కంపెనీలో పనిచేస్తుంది. మర్నాడు షిఫ్టు మానుకుని, అతనికిష్టమైన ఎండుచేపల కూర టిఫిన్ క్యారేజీలో పెట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. గేటు దగ్గర గార్డు హాజరుదీ స్టోరుదీ రెండు పుస్తకాలూ మర్యాదగా తిరగేశాడు. స్టాఫ్‌ని చూడ్డానికి ఇంట్లోవాళ్లు రావచ్చు, కానీ దాలినాయుడు ఇవాళ డ్యూటీకి రాలేదు. రాక్షసుడు లోపలే ఉన్నాడు, కానీ వేషాలకి చుట్టాలుండరు.

"మరెలాగ బాబూ నేను మాయన్ని చూడ్డం?"

"భోజనానికి రండమ్మా. టేబుల్ బుక్ చేసుకుంటే రాక్షసుడే మీ దగ్గరికొస్తాడు," అన్నాడు గార్డు. ఆ మాట అతను నిజంగా సాయం చేద్దామనే అన్నాడు.

మూడు వారాల తరవాత ఒక ఆదివారం దొరికింది. అది వాళ్ల కూతురు మోక్షిత ఎనిమిదో పుట్టినరోజు. బుకింగ్ ఫారంలో పాత్రతో మీ సంబంధం అన్నచోట అభిమాని, స్కూలు బృందం, ఇతరులు అని మూడే గడులున్నాయి. గౌరి కాసేపు ఆలోచించి అభిమానికి టిక్కు పెట్టింది.

రాజభోజనశాలలో స్తంభాలకి బంగారు రంగు, కప్పుకి నక్షత్రాలు. తొమ్మిదో టేబులు దగ్గర తల్లీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. మోక్షిత కొత్త గౌను ముడతలు పడకుండా కుర్చీ అంచున కూర్చుని, తలొంచుకుని పులావు కెలుకుతోంది. దారి పొడుగునా తల్లి చెప్పింది, భయపడొద్దని. అన్నిసార్లు చెప్పడం వల్లే ఆ పిల్లకి భయం పట్టుకుంది.

గంట మోగింది. లలితకుమారి ముందుగా వచ్చి మోక్షిత బుగ్గ మీద చెయ్యేసి, ఏడు సముద్రాల అవతల్నించి వచ్చానని చెప్పి, గౌరి చెవిలో "ఇప్పుడొస్తాడు వదినా" అని వెళ్లిపోయింది. ఆ వెనకే నేల అదిరింది.

నియమాలు దాలినాయుడికి కొత్త కాదు. టేబులుకి మూడు నిమిషాలు. స్క్రిప్టులో లేని మాట ఒక్కటి కూడా అనకూడదు. రాక్షసుడికి స్క్రిప్టులో నాలుగే మాటలు. అతను వచ్చి, వంగి, భార్య మొహంలోకి చూశాడు.

"నరవాసన, నరవాసన," అన్నాడు మెల్లగా.

"ఎలాగున్నావు మావా? తింటన్నావా?"

"ఆహా, ఏమి రుచి!"

"అబద్ధాలాడకు. చిక్కిపోనావు." గౌరి కొంగుతో అతని కోర మీద అంటుకున్న ధూళి తుడిచింది. "గ్యాస్ పుస్తకం ఎక్కడెట్టినావు? ఇల్లంతా ఎతికినాను."

దానికి స్క్రిప్టులో జవాబు లేదు. దాలినాయుడు "ఎవరురా నా కోటలో?" అని అరుస్తూ గోరుతో కప్పు వైపు చూపించాడు.

"అటక మీదా?"

అతను అవునన్నట్టు కొమ్ములూపాడు.

"బియ్యం డబ్బా ఎనకాలా?"

"ఆహా, ఏమి రుచి!" అన్నాడు రాక్షసుడు, ప్రాణం లేచొచ్చినట్టు.

అప్పటికి ఒక నిమిషం అయిపోయింది. మోక్షిత ఇంకా తలెత్తలేదు. అతను ఆ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "భయపడకు చిన్నారీ," అన్నాడు. అది స్క్రిప్టులో నాలుగో మాట. రోజుకి అరవైసార్లు అంటాడు. ఇప్పుడు సగంలో ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇక చెయ్యడానికేమీ తోచక అతను ఆమె కంచం కేసి చూశాడు. చూసి, ఆలోచించకుండానే, కత్తుల్లాంటి రెండు గోళ్లతో పులావులోంచి కరివేపాకు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్క మెతుకు చెదరలేదు.

మోక్షిత ఆ గోళ్లకేసే చూస్తూ కూర్చుంది. మూడు రెబ్బలయ్యాక కంచం అతని వైపు కొద్దిగా తిప్పింది.

"అటు పక్కన ఇంకోటుంది నాన్నా," అంది.

గౌరి కళ్లు తుడుచుకోకుండా ఎటో చూసింది. ఫొటోగ్రాఫరు వచ్చి, రాక్షసుడు నోరు బాగా తెరవాలని చెప్పాడు.

"మూసుకోమనండి. అప్పుడు మా నాన్నలాగుంటాడు," అంది మోక్షిత. ఫొటోగ్రాఫరుకి అభ్యంతరం లేకపోయింది. అలాగే తీశాడు.

గంట మోగింది. దాలినాయుడు లేచి, కూతురి తల మీద గోరు ఆనీ ఆననట్టు ఉంచి, పదో టేబులుకి వెళ్లాడు.

పదో టేబులు దగ్గర ఒక బ్యాంకు ఆఫీసరు, ఆయన భార్య మృణాళిని, ఇద్దరు పిల్లలు. ఆఫీసరు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, చపాతీ ముక్క చేతిలో పట్టుకుని, కూర్చున్నప్పటినుంచీ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. రాక్షసుడు ఆయన చెవి పక్కనే గర్జించాడు. నీళ్ల గ్లాసులు కదిలాయి. ఆయన తలెత్తకుండా వేలు చూపించి, "వన్ సెకండ్," అన్నాడు. మూడు నిమిషాలూ అలాగే అయిపోయాయి.

చేతులు కడుక్కునే చోట మృణాళిని గౌరి పక్కన నిలబడింది. కొళాయి తిప్పింది కానీ చేతులు పెట్టలేదు.

"ఆయన మీవారా అండీ?"

"అవునండి. ఏషం అతుక్కుపోయింది."

"అయ్యో. ఇంటికి రారా మరి?"

"రాడండి. ఇక్కడే చూసుకోవాలి. మూడు నిమిషాలు."

"మూడు నిమిషాలూ మీతోనే ఉన్నారు కదండీ. నేను చూస్తూనే ఉన్నాను. మీకేసే చూశారు."

"ఇంకెవులికేసి చూస్తాడండి?" అంది గౌరి ఆశ్చర్యపోయి.

మృణాళిని కొళాయి కట్టేసింది. తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్లి, ఇక్కడ వేషాలకి ఖాళీలేమైనా ఉన్నాయా అని అడిగింది. కౌంటరులో అమ్మాయి కంప్యూటరు చూసి, ప్రస్తుతానికి మర్రితొర్రలో తాబేలు ఒక్కటే ఖాళీ అని చెప్పింది.

"టేబుళ్ల దగ్గరికి వస్తుందా?"

"వస్తుంది మేడమ్. కొంచెం నెమ్మదిగా వస్తుంది. కానీ మూడు నిమిషాలూ ఉంటుంది."

"మాట్లాడుతుందా?"

"రెండు మాటలు మేడమ్."

రెండంటే ఎక్కువే అనుకుంది మృణాళిని. కౌంటరు అమ్మాయి పెన్ను ఇచ్చి, అభ్యర్థి సంతకం మాత్రం తప్పనిసరి అని చెప్పింది. ఆమె దరఖాస్తు తీసుకెళ్లి భర్త కంచం పక్కన పెట్టింది. ఆయన కాగితం వైపు చూడలేదు. ఎక్కడ అన్నట్టు కనుబొమలెగరేశాడు. ఆమె వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి, ఫోన్లో అవతలి మనిషితో, "చెప్పండి సార్, వింటున్నాను," అన్నాడు.