మీసాల చేపల శాఖ

ఏ కొలువైనా కలకాలం నిలవాలంటే ఆ పని ఒక్కడికే తెలియాలి, ఆ ఒక్కడూ దాన్ని పొరపాటున కూడా ఎవరికీ చెప్పకూడదు. ఈ పాలనా సూత్రాన్ని కువైట్‌లో, ఫింటాస్‌లోని ఒక విల్లాలో అమలు చేసినవాడు కడప జిల్లా గంగులయ్య.

పనివాళ్లంతా మామా అని పిలిచే ఇంటి యజమానురాలు ఒక అద్దాల తొట్టి తెప్పించి, దాని బాగోగులకు గంగులయ్యను పెట్టింది. అందులో ఆరు చేపలు. దక్షిణ అమెరికా నదుల సంతతి. వేలెడంత పొడవు, మూతికి మీసాలు, ఒంటికి కవచం. అడుగున ఇసుకను నోటితో జల్లిస్తూ, పడిన మేత తిని, అప్పుడప్పుడూ పైకొచ్చి ఒక్క గుక్క గాలి మింగి మళ్లీ కిందికి పోతాయి. అంతకుమించి వాటికి కోరికల్లేవు.

లేని కోరికలను గంగులయ్య కల్పించాడు. మేతబిళ్ల కుడిచేత్తోనే వేయాలి. వేసేవాడు వెల్లుల్లి ముట్టకూడదు. కొత్త మనిషి నీడ పడితే చేప అలుగుతుంది. (అలిగిన చేపకూ అలగని చేపకూ తేడా శాఖాధిపతికి మాత్రమే తెలుస్తుంది.) మామా హడలిపోయింది. వంటమనిషి సుల్తానాకు తొట్టివైపు చూసే హక్కు కూడా రద్దయింది.

ఇంతలో ఊరినుంచి చెల్లెలు కళావతి ఫోను.

"అన్నా, పిల్లోనికి పుట్టెంటికలు తీపియ్యాల. మేనమామ ఒళ్లో కూచోబెట్టాల గదా, ఉండేది నువ్వొక్కనివే. వానికి జడేస్తాండాం. అందరూ ఆడపిల్లనుకుంటాండారు. ఎప్పుడొస్తావ్?"

గంగులయ్యకు కళ్లు చెమర్చాయి. మేనల్లుణ్ణి అతడింకా ఎత్తుకోనేలేదు. వెంటనే సెలవడిగాడు.

"మరి చేపలకెవరు?" అంది మామా.

డ్రైవర్ ఓబులేసుకు పరీక్ష పెట్టాలని తీర్మానమైంది. పరీక్షాధికారి గంగులయ్యే. ఓబులేసు వెల్లుల్లి కారంతో అన్నం తినొచ్చి, ఎడమచేత్తో బిళ్ల పడేశాడు. ఆరు చేపలూ ఎగబడి తిన్నాయి.

గంగులయ్య లోలోపల లెక్క వేసుకున్నాడు. డ్రైవరు కూడా చేసేసే పనికి ఇంకో మనిషెందుకని మామాకు తోస్తే? ఊరికి పోయినవాణ్ణి మళ్లీ రమ్మంటుందా?

"ఎట్ల తింటాండాయో చూడన్నా!" అని ఓబులేసు మురిసిపోయాడు.

"తినేది కాదురా అది, అలక," అన్నాడు గంగులయ్య. మామావైపు తిరిగి విచారంగా తల అడ్డంగా ఊపాడు. "ఓబులేసు ఫెయిల్, మామా."

మామా నిట్టూర్చింది. "ఖలాస్. సెలవు వచ్చే ఏడాది."

సాయంత్రం ఆ కబురు వినగానే ఫోనులో కళావతి భోరుమంది.

"నీ సెలవుకు అడ్డం పడినోడెవడో, వాని నోట్లో మన్ను పడ!"

"పడనీలేమ్మా," అన్నాడు గంగులయ్య, చేపలకు మేత వేస్తూ. కుడిచేత్తోనే.