సర్వర్ పోయిందండీ

రెండువేల తొమ్మిదిలో ఒక సోమవారం పొద్దున్న జోజికి ఉన్నది ఒక్కటే పని. అమలాపురంలో ఆసుపత్రులకి సాఫ్ట్‌వేరు రాసే వాళ్ళ చిన్న ఆఫీసు, ప్రోగ్రాములు దాచుకోడానికి ఏళ్ళ తరబడి వాడిన పాత పద్ధతి వదిలేసి, కిందటి వారమే గిట్ అనే కొత్త పద్ధతిలోకి మారింది. ఇక రాసిన ప్రోగ్రాములన్నీ, వాటి మార్పుల చరిత్రతో సహా, ఆఫీసు సర్వర్ నుంచి రాజమండ్రి సర్వర్‌లోకి ఉన్నదున్నట్టు దింపాలి. "మధ్యాహ్నానికల్లా మిర్రర్ అయిపోవాలి జోజీ. నేను మా మామగారింట్లో ఉంటాను" అని చెప్పి యజమాని ఆంజనేయప్రసాద్ గారు, భార్య సువర్ణని ఇక్కడ ఇంటి దగ్గరే ఉంచి, దగ్గర్లోనే ఉన్న గన్నవరం వెళ్ళారు.

ఈ మిర్రర్‌కి ఒక నియమం ఉంది. అసలులో ఉన్నదంతా నకలులోకి రావాలి, అసలులో లేనిది నకలులో ఉండకూడదు. జోజి రెండు చిరునామాలూ తప్పు లేకుండా కొట్టాడు. కాకపోతే ఒకదాని చోట ఇంకొకటి కొట్టాడు. ఎంటర్ నొక్కగానే, ఖాళీగా ఉన్న రాజమండ్రి సర్వర్‌ని చూసి ఆఫీసు సర్వర్ కూడా బుద్ధిగా ఖాళీ అయిపోయింది.

జోజి ఎవరినైనా అడుగుదామని చూశాడు. తోటి ఉద్యోగిని దివ్య ఇంకా బండారులంక నుంచి రాలేదు. ప్రసాద్ గారి సెల్లు అందడం లేదు. చివరికి ఆయన అత్తవారింటి ఫోనుకి చేశాడు. మామగారు గంగయ్య ఎత్తాడు. ఆయనకి కాస్త చెముడు. పైగా లైనులో గరగర.

"అల్లుడుగారు చేలోకెళ్ళేరండి. ఎవరండీ తమరు?"

"ఆఫీసు నుంచి జోజినండి. సర్వర్ పోయిందండీ!"

"ఎవరూ? సువర్ణా?"

గరగరలో జోజికి అది సర్వర్ అనే వినబడింది. "ఆయ్. ఇప్పుడేనండి."

"నిన్న బాగానే ఉంది కదా బాబూ! ఎలా పోయింది?"

"నా చేతుల్తోనేనండి. తెలీక ఒక్క నొక్కు నొక్కేను. చూస్తుండగానే అయిపోయింది."

అవతల ఫోను కింద పడ్డ చప్పుడు. వెనకాలే ఆడవాళ్ళ ఏడుపు. సాఫ్ట్‌వేరు మీద ఆ ఇంటివాళ్ళకి ఇంత మమకారం ఉందని జోజికి అప్పటిదాకా తెలియదు.

కాసేపటికి ప్రసాద్ గారే చేశారు. వ్యాను హోరులోంచి, వెనకాల చుట్టాల ఏడుపులోంచి ఆయన గొంతు వినబడింది. "ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. ఎందుకు నొక్కేవు జోజీ?"

"మధ్యాహ్నానికల్లా అయిపోవాలని మీరే కదండీ అన్నారు!"

"నేనన్నానా?" లైను తెగిపోయింది.

ఈలోగా గంగయ్య తమ్ముడు, ఊళ్ళోనే కానిస్టేబులుగా ఉన్న సత్తియ్య, అన్నగారి ఫోను అందుకుని ఆయాసపడుతూ మేడ మెట్లెక్కి వచ్చాడు. ఖాకీ బట్టలు చూడగానే జోజి లేచి నిలబడి రెండు చేతులూ ముందుకు చాపాడు.

"దేన్నీ ముట్టుకోకు. ఎక్కడుంది?"

"ఆ బల్ల కిందండి."

"కప్పేవా?"

"దుమ్ము పడకుండా దుప్పటి కప్పేనండి."

సత్తియ్య టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. బల్ల వైపు ఒక అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడు గుమ్మంలోంచి వినబడింది.

"బాబాయ్, మనవాళ్ళెవరో ఫోను చేశారట, పక్కింటావిడ నన్ను చూసి కెవ్వుమని పడిపోయింది. ఏవైందసలు?"

సువర్ణ. పక్కవీధిలో డాబా మీద మిరపకాయలు ఎండబోస్తూ ఫోను వినిపించుకోని మనిషి, బాబాయి ఇటు పరిగెత్తడం చూసి వచ్చింది. సత్తియ్య ఆమెనీ, బల్ల కింది దుప్పటినీ మార్చి మార్చి చూసి, గోడకి ఆనుకుని అలాగే కిందకి జారిపోయాడు.

ఆయనకి మంచినీళ్ళు పడుతుండగా వ్యాను వచ్చింది. ప్రసాద్ గారు పరుగున పైకి వచ్చి, భార్యని చూసి, ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. జోజి తల వంచుకుని మొత్తం చెప్పాడు.

"సర్వరా? పోయింది సర్వరా?"

"ఆయ్. ఇన్నేళ్ళ పనీ పోయిందండి."

"పోతే పోనీవయ్యా!" అన్నారు ఆయన, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. అత్తగారు వీరాయమ్మ మాత్రం, దారి పొడుగునా ఏడ్చిన ఊపులో, కూతుర్ని కావిలించుకుని ఇంకా ఏడుస్తూనే ఉంది.

దివ్య అప్పుడు వచ్చింది. సంగతి విని, "మీ మిషన్లో ఉంది కదండీ జోజిగారూ" అంది.

"నా దాంట్లో తాజా ఫైళ్ళేగా ఉండేది?"

"అది పాత పద్ధతండి. ఈ గిట్‌లో కాపీ తెచ్చుకున్న ప్రతివాళ్ళ దగ్గరా చరిత్రతో సహా మొత్తం ఉంటుంది. మనం మారిందే అందుకు కదండీ!"

జోజి మిషన్ తెరిచి చూశారు. శనివారం దాకా రాసిందంతా అక్షరం పోకుండా ఉంది. పోతే పోనీ అన్న ప్రసాద్ గారు వెంటనే సువర్ణ చెయ్యి వదిలేసి, "మరింకా చూస్తావేం? మధ్యాహ్నానికల్లా పంపించాలి. దివ్యా, ఈసారి నువ్వు నొక్కమ్మా" అన్నారు.

ఆ మధ్యాహ్నం, తనని కడసారి చూడ్డానికొచ్చిన వ్యానెడు చుట్టాలకీ సువర్ణే వండి వడ్డించింది.