తొంభై దాటాల్సిన మోకాలు

ఆ ఉదయం ప్రజ్ఞ పెట్టుకున్న పని ఒక్కటే. పరదేశి మోకాలు ఎంత వంగుతోందో కొలిచి, ఆ అంకె విశాఖ డాక్టరుకి పంపాలి. చెరకు బండి మీంచి పడి ఆపరేషనైన రైతాయన. తొంభై డిగ్రీలు వంగితే సరే, లేదంటే మళ్ళీ మత్తిచ్చి బలవంతంగా వంచుతారు. ఆ మాట విన్నప్పట్నుంచి ఆయనకి అన్నం సహించడం లేదు. కంటితో చూసి సుమారుగా రాసెయ్యమని సలహా ఇచ్చినవాళ్ళు చోడవరంలో లేకపోలేదు. ప్రజ్ఞ ఆ రకం ఫిజియోథెరపిస్టు కాదు. కోణం కొలిచే రెండు రెక్కల కొలబద్ద పెట్టాలి, రెండుసార్లూ ఒకే అంకె రావాలి, అప్పుడే రాస్తుంది.

పరదేశి బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. ప్రజ్ఞ కొలబద్ద ఒక రెక్క తొడ వెంట, రెండోది పిక్క వెంట ఆనించి మడమ పట్టుకుంది. ఇంకేముంది, ఆయన దిగ్గున లేచి ఆమె చేతిని తాకి కళ్ళకద్దుకున్నాడు. కొలత పోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ లేచాడు. కాలు తగిలాక దండం పెట్టకుండా ఉండడం ఆయన వల్ల కాదు.

"మీ కాలు పట్టుకోవడమే నా ఉద్యోగం బాబూ" అంది ప్రజ్ఞ.

"మీకు ఉద్యోగం, నాకు పాపం కాదేటమ్మా?"

సరేనని మడమ ఆయన భార్య మంగాయమ్మకి అప్పగించింది. ఆవిడ పట్టుకోవడం మానేసి మోకాలు నొక్కడం మొదలెట్టింది. ఆయనంతట ఆయనే వంచాలంటే వినదు. తన మనిషికి తను సాయం చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారని వాదన. ఈలోగా పరదేశికి ఎదురుగోడ మీద సింహాద్రి అప్పన్న క్యాలెండరు కనబడింది. అటు కాళ్ళు చాపనన్నాడు. క్యాలెండరు తీసేస్తానంటే మంగాయమ్మ చెంపలేసుకుంది. ప్రజ్ఞ పట్టు వదిలే మనిషా! ముగ్గురూ కలిసి బల్లనే తిప్పేశారు. అది వెళ్ళి తలుపుకి అడ్డంపడింది.

బయట భుజం నొప్పితో కూచున్న రిటైర్డు మేష్టరు కామేశం, తన వంతు దాటిపోయిందని విసుగొచ్చి తలుపు తోశారు. బల్ల కదిలింది, ప్రజ్ఞ చేతిలో కొలబద్ద జారింది. కంగారుగా దిగిన పరదేశి పాదం సరిగ్గా దాని మీదే పడింది. కొడవలిని గానీ నాగలిని గానీ పుట్టి బుద్ధెరిగాక తొక్కని మనిషి, ఒకరి పనిముట్టుని తొక్కేశాడు. మోకాలి మాటే మరిచిపోయి గభాలున గొంతుక్కూచుని, దాన్ని తీసి కళ్ళకద్దుకున్నాడు.

"కదలకండి బాబూ."

ప్రజ్ఞ నేల మీద బోర్లా పడుకుని, కొలబద్ద లాక్కుని ఆనించింది. నూట పన్నెండు. మళ్ళీ కొలిచింది. నూట పన్నెండే. ఫొటో తీసి పంపింది. ఇక మత్తు అక్కర్లేదని వెంటనే డాక్టరు నుంచి జవాబొచ్చింది. మంగాయమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. పరదేశి అప్పుడు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఇంకా గొంతుక్కూచునే ఉన్నాడు.

"మరిప్పుడు ఎలాగ లెగిసేదమ్మా?" అన్నాడు.

ఆ సంగతి డాక్టరు అడగలేదు గనక ప్రజ్ఞ రాయలేదు.