మిద్దె మీద తీర్పు

ఆ సోమవారం పొద్దున నరసన్నకు ఉన్న పని ఒక్కటే: నోరు మూసుకుని కూర్చోవడం. అతని జ్వరం తగ్గినందుకు భార్య రామసుబ్బమ్మ మహానందీశ్వరునికి పులిహోర మొక్కుకుంది. ఆ మొక్కు ఇప్పటికే రెండుసార్లు తప్పిపోయింది. రెండుసార్లూ నరసన్న అరుగు మీద ఎవరితోనో వాదనకు దిగితే నంద్యాల బస్సు వెళ్ళిపోయింది. ఈసారి ఆమె అతని చేత స్నానం చేయించి, మడి పంచె కట్టించి, మౌనం పట్టించింది.

"నైవేద్యం అయ్యేదాంక మాట్లాడగూడదు, ఎవురినీ తాకగూడదు. జరం తగ్గిన మనిషి రాకుంటే సామికి నేనేం చెప్పాల?" అని వంటింట్లోకి వెళ్ళింది.

కాసేపటికే డ్రిల్లు మేష్టరు జ్ఞానరాజు, సోడా అంగడి దాసన్న వచ్చారు. ఒకరి చంకలో తోలు బంతి, ఇంకొకరి చేతిలో మద్రాసు నుంచి తెప్పించిన పత్రిక. అందులో అమెరికాలో జీతానికి బాస్కెట్ బాల్ ఆడే ఇద్దరు మహాకాయుల బొమ్మలున్నాయి; ఒకరికి కళ్ళజోడు, ఇంకొకరు కొత్తగా వచ్చినవాడు. వాళ్ళలో ఎవరు గొప్పో నిన్నటి నుంచీ తెగలేదు.

"కళ్ళజోడాయన ముందర ఇంగెవురూ నిలవలేరప్పా," అన్నాడు జ్ఞానరాజు. "బుట్ట కింద నిలబడి ఏస్తానే ఉంటే తట్టుకోలేక ఆట గీతలే వెడల్పు చేసినారంట. ఒక మనిషికి భయపడి గీతలు మార్చడం యాడన్నా విన్నావా?"

"ఏసేదేం గొప్ప? ఈ కొత్తాయన బంతిని గాల్లోనే తట్టేస్తాడంట. ఆపేవాడే మొనగాడు," అన్నాడు దాసన్న.

"ఇద్దరూ ఎదురెదురు ఆడనే లేదు గదా!"

"అందుకే నరసన్నను అడుగుదాం. మడిలో ఉండాడు, అబద్ధం చెప్పడు."

నరసన్న పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. మౌనమని వాళ్ళకు అర్థమైంది. అర్థమైతే వెళ్ళిపోవాలి గదా!

"మాట్లాడొద్దులే అన్నా, సైగ చెయ్యి, సాలు," అన్నాడు దాసన్న.

విసిగిపోయిన నరసన్న, అది పైవాడికే తెలియాలన్నట్టు వేలు పైకి చూపించాడు.

"పైకి పొమ్మంటాండాడు!" అన్నాడు జ్ఞానరాజు. "మిద్దె మీద గవాక్షం ఉండాది గదా. నేను దాంట్లోకి ఎయ్యాల, నువ్వు ఆపాల. ఆడి తేల్చుకోమంటాండాడు. శానా తెలివైన తీర్పు!"

వంటింటి పొగ పోవడానికి మిద్దెకు పెట్టిన ఆ రంధ్రం సరిగ్గా పొయ్యి పక్కకు దిగుతుంది. నరసన్న గబుక్కున లేచాడు. చేతులు బార్లా చాపి నిచ్చెనకు అడ్డం నిలబడ్డాడు.

"చూస్తివా, ఆపేదెట్లో నాకు నేర్పిస్తాండాడు. అన్న నా పక్షమే!" అని దాసన్న నిచ్చెన వైపు వచ్చాడు. తాకితే మడి పోతుంది. నరసన్నే పక్కకు తప్పుకున్నాడు.

ఇద్దరూ మిద్దె ఎక్కారు. వద్దు వద్దని చేతులాడిస్తూ నరసన్న కూడా వెనకాలే ఎక్కాడు. జ్ఞానరాజు బంతి విసిరాడు. దాసన్న ఎగిరాడు గాని అందలేదు. గురి తప్పిన బంతి దానంతట అదే వీధిలో పడేది. పులిహోర పాడవుతుందన్న భయంతో నరసన్న ఎగిరి అరచేత్తో కొట్టాడు. బంతి తిన్నగా గవాక్షంలోకి దిగింది.

"అయ్యో, పులిహోర!" అని నరసన్న అరిచాడు.

కింద ధబ్బుమని చప్పుడైంది. కాసేపటికి రామసుబ్బమ్మ గిన్నెతో వీధిలోకి వచ్చింది.

"మీరు తొక్కుతాంటే మట్టి రాలుతాందని గిన్నె మీద చాట కప్పినా. బంతి చాట మీద పడి దొడ్లోకి పోయింది. పులిహోరకేం కాలేదు."

"ఇంగేం, పోదాం పా!" అన్నాడు నరసన్న.

"యాడికి? గవాక్షంలోంచి అంతా చూస్తి; తోలు ముట్టుకుంటిరి, నోరు తెరిస్తిరి. మళ్ళీ తానం చేసి మడి పంచె ఆరేలోగా బస్సు పోతాది."

"గుళ్ళో డోలు గూడా తోలే గదా? సామి ముందరే వాయిస్తారు. దానికి లేని మైల దీనికెందుకు?"

అది అడగదగిన ప్రశ్నే.

"డోలు వచ్చి పులిహోర మీద దూకదు," అంది రామసుబ్బమ్మ.

"నేను రాకుంటే సామికి ఏం చెప్తావు?"

"జరం ఒకటే తగ్గింది సామీ అని చెప్తా."

ఆమె పక్కింటి నాగక్కను తోడు తీసుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

మిద్దె మీద ముగ్గురూ మిగిలారు. "అన్నా, నువ్వు కొట్టింది ఏసినట్టా, ఆపినట్టా?" అన్నాడు జ్ఞానరాజు మెల్లగా.

ఇక మాట్లాడటానికి అడ్డేమీ లేదు గనుక నరసన్న మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా తీర్పు రాలేదు. మధ్యాహ్నం భోజనమూ రాలేదు.