ఒక్కసారే అడిగే హోటలు

పెద్ద హోటల్లో తిండి ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదని కొందరు మొత్తుకుంటుంటారు. వాళ్లంత కృతఘ్నులు లోకంలో ఉండరని నా అభిప్రాయం. అసలు అదే కదండీ వరం!

ఇంట్లో ఏముంది? సోమవారం పప్పు ఎట్లా ఉందో శనివారమూ అట్లాగే ఉంటుంది. నోట్లో పెట్టుకోకముందే రుచి తెలిసిపోయే బతుకూ ఒక బతుకేనా? పెద్ద హోటల్లో అట్లా కాదు. మెనూ కార్డు మీద పేరు ఒకటే, గిన్నెలో వచ్చేది మాత్రం వంటవాడి ఆ పూట మనసు. మొన్న చేతులు కట్టుకుని నిలబడ్డ సర్వర్ ఇవాళ మనల్ని కుర్చీతో కలిపి ఫర్నిచర్ కింద జమకడతాడు. లాటరీ టికెట్ కొన్నా ఇంత ఉత్కంఠ ఉంటుందా?

నమ్మకపోతే షాద్‌నగర్ ఎల్లస్వామి సంగతి వినండి.

ఎల్లస్వామి ఒక మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. కంపెనీ పార్టీ పుణ్యమా అని హైవే పక్కన ఓ ఖరీదైన హోటల్లో అడుగుపెట్టాడు. హోటల్ పేరు చెప్పను. అది ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు, నాకు నోరు తిరగదు. ఆ రోజు నాటుకోడి పులుసు, జొన్నరొట్టె అద్భుతంగా కుదిరాయి. దానికన్నా అద్భుతం, సర్వర్ నడుం వంచి ‘ఇంకొంచెం సార్’ అని మూడుసార్లు అడిగి వడ్డించాడు. ఎల్లస్వామి చెయ్యి కడుక్కుంటూనే నిర్ణయించుకున్నాడు, అక్కను ఇక్కడికే తీసుకురావాలని.

అక్క పేరు బాలనర్సమ్మ. ఉండేది మోత్కూరులో. తల్లి పోయాక ఎల్లస్వామిని పెంచింది ఆమే. అట్లాంటి మనిషి తమ్ముడి గడప తొక్కి మూడేళ్లయింది. గొడవ భూమి గురించి కాదు, బంగారం గురించీ కాదు. మటన్ బకెట్ గురించి.

మా వైపు పద్ధతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ‘సాలు’ అంటే చాలని కాదు. మొదటి సాలు మర్యాదకు. రెండోది అడిగేవాడి ప్రేమ ఏపాటిదో చూడడానికి. మూడో సాలు ఒక్కటే నిజం. ఇది మా దగ్గర చిన్న పిల్లలకు కూడా తెలుసు. మూడేళ్ల కిందట తన ఇంటి గృహప్రవేశం నాడు మటన్ బకెట్ పట్టుకుని తిరుగుతున్న ఎల్లస్వామికి మాత్రం, ఇంకా రెండు బంతులు కూర్చోవాల్సి ఉందన్న తొందరలో, అది యాదికి రాలేదు.

“సాలు తమ్మీ,” అంది అక్క.

“సరే అక్కా,” అని అతను పక్క విస్తరికి పోయాడు.

ఆమె చెయ్యి కడుక్కుని బస్సెక్కింది. అప్పటి నుంచి రాఖీ పోస్టులో వస్తోంది. కవరు చింపి ఎవరి రాఖీ వాళ్లే కట్టుకోవడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి. ఎల్లస్వామికి ముడి పడేలోపే ఏడుపొచ్చేది.

“ఇంటికి పిలువు, నేనే వండుత. గా హోటల్ ఎందుకు?” అంది భార్య రూప.

“గాళ్లు మూడుసార్లు అడుగుతరు. మనకు చేతగాలే గద గా పని,” అన్నాడతను.

రూప ఫోన్ల మీద ఫోన్లు చేసి వదినను ఒప్పించింది. ఆదివారం మధ్యాహ్నానికి బాలనర్సమ్మ బస్సులు మారి దిగింది. ఇంటికి రానని, హోటల్‌కైతే వస్తానని ముందే చెప్పింది.

ఇక వరాలు మొదలయ్యాయి. నడుం వంచే సర్వర్ ఆ రోజు సెలవు. ముప్పావుగంట దాకా ఎవ్వరూ రాలేదు. తర్వాత నలుగురు ఒకేసారి వచ్చి నాలుగు నీళ్ల బాటిళ్లు పెట్టిపోయారు. నాటుకోడి పులుసు తియ్యగా, పైన మీగడతో వచ్చింది. జొన్నరొట్టె విరిచి అక్క తమ్ముడి వంక చూసింది. ఆ చూపుకు ఎల్లస్వామికి చెమటలు పట్టాయి, అంత ఏసీలోనూ.

“గా టేబులోళ్లకు ఎర్రగ వచ్చింది. మనకు తెల్లగ వచ్చిందేంది?” అంది అక్క.

“ఇవాళ ఇద్దరు షెఫ్‌లు మేడం,” అన్నాడు సర్వర్, అదేదో మన అదృష్టమైనట్టు.

ఎల్లస్వామి బతిమాలి రెండో షెఫ్ గిన్నె తెప్పించాడు. వచ్చింది! ఎర్రగా, ఘాటుగా, అసలైన పులుసు. అక్క ఒక ముద్ద తిని తల ఊపింది. ఆమె ముఖంలో మెత్తదనం చూసి ఎల్లస్వామికి మూడేళ్లుగా గుండెల మీదున్న బరువు దిగినట్టయింది. సరిగ్గా అప్పుడు సర్వర్ గంటె ఎత్తి, “ఇంకొంచెం మేడం?” అన్నాడు.

ఆమె ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టింది. “సాలు నాయనా.”

“ఓకే మేడం,” అని అతను గిన్నె, ప్లేటు రెండూ ఎత్తుకుని లోపలికి నడిచాడు.

బాలనర్సమ్మ చెయ్యి గాలిలో అట్లాగే ఉండిపోయింది. ఎల్లస్వామి దాన్ని చూశాడు. గృహప్రవేశం నాడు తను వెనుదిరిగి చూడని చెయ్యి అదే. అతను లేచి వంటింట్లోకి ఉరికాడు. సింకు దగ్గర గిన్నె లాక్కుని, అందిన గంటె పట్టుకుని, కొత్త ప్లేటు చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. మేనేజర్ వెంటబడ్డాడు. హోటలంతా చూస్తోంది.

“అక్కా, ఇంకొంచెం.”

“సాలు.”

“జరంత ఏసుకో.”

“సాలంటి గద.”

“నా మీద కోపం ఉంటె ఉండనియ్యి అక్కా. తిని కోపం చెయ్యి.”

చెయ్యి పక్కకు జరిగింది. అతను వడ్డించాడు, తొందరలో కొంత టేబుల్ బట్ట మీద కూడా. అక్క కళ్లు తుడుచుకుని, “గిదేదో మూడేండ్ల కిందనే అడిగితె అయిపోతుండె గద,” అంది. సాయంత్రం తమ్ముడి ఇంటికే పోయింది. రూప వండిన పప్పు తింది. అది ఎప్పటిలాగే ఉంది.

ఇప్పుడు చెప్పండి, అది వరం కాదా? సర్వీసు బాగుండి ఉంటే ఆ మూడుసార్లూ సర్వరే అడిగేవాడు. పుణ్యమంతా అతని ఖాతాలో పడేది.

మర్నాడు హోటల్ నుంచి ఫోన్ వచ్చింది. స్టార్లు ఇవ్వమని, మళ్లీ తప్పక రమ్మని. ఎల్లస్వామి “సాలు” అన్నాడు. సాయంత్రం మళ్లీ చేశారు, మళ్లీ “సాలు” అన్నాడు. పులుసు ఒక్కసారే అడిగే హోటలు, స్టార్ల కోసం ఎంత పట్టుబడుతుందో చూడండి! మూడో రోజు కూడా ఫోన్ చేశారు.

ఎల్లస్వామి మూడోసారి కూడా “సాలు” అన్నాడు.