పెద్దాయనకు తగిన తోడు

తాళాల కంపెనీ ప్రధాన కార్యాలయ సిబ్బందికి తెలియజేయడమేమనగా, రిసెప్షన్ హాలులోని ఉప్పునీటి అక్వేరియంలో ఒంటరిగా జీవిస్తున్న సీనియర్ చేపగారికి తగిన సహచరులను ఎంపిక చేయడానికి ఐదుగురు సభ్యులతో ఒక సంఘాన్ని నియమించడమైనది. అధ్యక్షులు మానవ వనరుల మేనేజరు. మిగిలిన నలుగురూ ఆయన చెప్పినదానికి తల ఊపడంలో అనుభవజ్ఞులు. చేపల గురించి తెలిసిన మనిషి ఒకరుంటే బాగుంటుందని ఎవరో అన్నారు గనుక అక్వేరియం చూసుకునే ఆవిడను కూడా సమావేశాలకు రమ్మన్నారు. ఆవిడకు కుర్చీ వేయలేదు, నిలబడడానికి అభ్యంతరం లేదన్నారు.

సంఘం పుట్టడానికి కారణం ఎండీగారి నోట వచ్చిన ఒక మాట. ఒక ఉదయం లిఫ్టు కోసం ఎదురుచూస్తూ ఆయన అక్వేరియం వైపు చూసి, "పాపం, ఒక్కడే ఉన్నాడు" అన్నారు. ఇంతలో లిఫ్టు వచ్చింది, ఆయన పైకి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి ఫైలు తయారైంది.

ఆ ఒక్కడిని ఆఫీసులో అందరూ పెద్దాయన అంటారు. ట్రిగ్గర్ జాతి చేప. జానెడు పొడుగు, నల్లటి ఒంటి మీద తెల్లటి మచ్చలు, పసుపు మూతి, గుల్లలను కూడా పిండి చేసే పళ్లు. అక్వేరియం మధ్యలో కన్నం ఉన్న పగడపు రాయి ఒకటి ఉంది. అది పెద్దాయన రాయి. దాని దగ్గరికి చేప వచ్చినా, పీత వచ్చినా, శుభ్రం చేయడానికి చెయ్యి వచ్చినా పెద్దాయనకు ఒకటే. ఆవిడ కుడిచేతి వేళ్ల మీద మూడు గాట్లు ఉన్నాయి. ఇలాంటి స్వభావాన్ని బయట కోపం అంటారేమో, ఆఫీసులో మాత్రం క్రమశిక్షణ అనేవారు. అటుగా వెళ్లేవారు గొంతు తగ్గించి మాట్లాడేవారు. టైపిస్టు ఒకావిడ రోజూ నమస్కారం కూడా పెట్టేది.

పెద్దాయనకు అంతకుముందు సహచరులు లేకపోలేదు. పసుపుపచ్చ చేప ఒకటి మూడో రోజున తోక లేకుండా కనిపించింది, నాలుగో రోజున అసలు కనిపించలేదు. "కొత్త వాతావరణంలో ఇమడలేక తనంతట తానే తప్పుకుంది" అని ఫైలులో రాశారు. చారల చేపల జంట "కుటుంబ కారణాల వల్ల" వెళ్లిపోయింది. ఒక నత్త తన గుల్లను వదిలి వెళ్లింది, దాన్ని కార్యాలయ ఆస్తిగా నమోదు చేశారు. తప్పు ఎవరిదైనా ఉంటే అది సర్దుకుపోలేని చేపలను తెచ్చినవాళ్లది. అందుకే ప్రతిసారీ అక్వేరియం చూసుకునే మనిషిని కూడా మార్చారు. ఇప్పుడున్న ఆవిడ నాలుగో మనిషి.

ఆవిడది టెంపరరీ ఉద్యోగం. మూడేళ్లుగా భర్తతో, కూతురితో బావగారి ఇంట్లో, ముందుగదికి అడ్డంగా కట్టిన తెర వెనకాల కాపురం ఉంటోంది. తోడికోడలు మంచిదే, కానీ ఏ అవసరం వచ్చినా తెర పక్కకు తీసి లోపలికి వచ్చేస్తుంది. పర్మినెంటు అయితే కంపెనీ క్వార్టర్లలో రెండు గదులిస్తారు, వాటికి తలుపులుంటాయి. రోజంతా వేల తాళాల మధ్య గడిపే మనిషికి వేసుకోవడానికి ఒక తలుపు లేదన్న బాధ ఆవిడను లోలోపల తినేసేది. మేనేజరుగారు ఆవిడను పిలిచి విషయం తేల్చి చెప్పారు. సహచర చేపలు నెల రోజులు బతికితే పర్మినెంటు ఆర్డరు. బతకకపోతే ఐదో మనిషి.

ఎంపిక సంఘం రెండు సమావేశాల్లో అర్హతలు ఖరారు చేసింది. అభ్యర్థి చిన్నగా ఉండాలి. వినయం ఉండాలి. రంగు బాగుండాలి గానీ పెద్దాయన కంటే బాగుండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, సర్దుకుపోయే గుణం. ఆవిడ నిలబడిన చోటి నుంచే, చిన్నవాటిని వేస్తే తినేస్తుందనీ, దానంతవి, మొండివి, వేరే ఆకారంలో ఉన్నవి తేవాలనీ చెప్పింది. పెద్దాయనతో సమానమైనవాళ్లు కూడా ఉంటారా అని మేనేజరుగారు ఆశ్చర్యపోయారు. సభ్యులు నలుగురూ ఆశ్చర్యపోయారు. మినిట్సులో "అక్వేరియం సహాయకురాలు కాసేపు హాస్యమాడారు" అని నమోదైంది.

ఆ ప్రకారం వేలెడంత నీలం చేపలు ఆరింటిని తెప్పించారు. స్వాగత సభ జరిగింది. మేనేజరుగారు అక్వేరియం వైపు తిరిగి మైకులో ప్రసంగించారు.

"మిత్రులారా, ఇది అక్వేరియం కాదు, ఒక కుటుంబం. ఇక్కడ పెద్దలు కసిరితే అది ప్రేమ. కొరికితే అది శిక్షణ. పెద్దాయన నీడలో ఎదగడం మీ అదృష్టం. ఇక్కడికి వచ్చినవాళ్లెవరూ ఇంతవరకు ఫిర్యాదు చేయలేదని గర్వంగా మనవి చేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. టీ తాగి వచ్చేసరికి నీలం చేపలు మూడున్నాయి. ఆఫీసు ముగిసే వేళకు ఫిర్యాదు చేయడానికి ఎవరూ మిగలలేదు. సంఘం విచారించి, ఈ తరం చేపల్లో ఓర్పు తగ్గిపోతోందని అభిప్రాయపడింది. ఆవిడకు ఆఖరి అవకాశం ఇస్తున్నామని మేనేజరుగారు అన్నారు. ఆవిడ బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, ఏడ్చి, ముఖం కడుక్కుని బయటికి వచ్చింది.

ఆ ఆదివారం తండ్రి దగ్గరికి వెళ్లింది. ముప్పై ఏళ్లుగా చేపల దుకాణం నడుపుతున్న మనిషి ఆయన. కూతురు చెప్పిందంతా విని, మీ సంఘంలో చేప ఒక్కటీ లేదా అని అడిగాడు. తర్వాత మామూలుగా చెప్పాడు.

"దానికి పగ వేరే చేపల మీద కాదమ్మా. ఆ రాయి తనదనుకుంటోంది, అంతే. ముందు దాన్ని తీసి వేరే తొట్టెలో పెట్టు. రాళ్లన్నీ అటూ ఇటూ మార్చెయ్. కొత్తవాటిని ముందు వెయ్, అవి కుదురుకున్నాక దీన్ని ఆఖర్న వెయ్. అప్పుడు అదే కొత్తది. కొత్తది ఎవర్ని కొరుకుతుంది?"

ఎండీగారు నలభై రోజుల విదేశీ పర్యటనకు వెళ్లారు. ఆయన ఊళ్లో ఉంటే మేనేజరుగారు ప్రతి కాగితాన్నీ చదివి కూడా సంతకం పెట్టరు, లేకపోతే చదవకుండా పెట్టేస్తారు. పెద్దాయనను కొన్నాళ్లు వేరే తొట్టెలో ఉంచడానికి అనుమతి కోరుతూ ఆవిడ పెట్టిన కాగితం మీద కూడా సంతకం పడింది. పెద్దాయనను వల వేసి పట్టి, స్టోరు గదిలో గాలి పంపు ఉన్న తొట్టెలోకి మార్చింది. అక్కడ దానికి అన్నీ అమర్చింది, ఒక్క రాయి తప్ప. హాలులో రాళ్లన్నీ తీసి వేరే తీరుగా పేర్చింది. కన్నం రాయిని ఒక మూలకు తిప్పి పెట్టింది. తండ్రి ఎంచి ఇచ్చిన రెండు చేపలను వేసింది. ఒకదానికి తోక మొదట్లో చాకులాంటి ముల్లు. రెండోదానికి వీపు నిండా ముళ్లు. రెండూ పెద్దాయనంత ఉన్నాయి, వినయం అసలే లేదు.

వారం తర్వాత పెద్దాయనను తెచ్చి, రెండు రోజులు చిల్లుల అడ్డుపలక వెనక ఉంచింది. మూడో రోజు ఉదయం పలక తీసేటప్పుడు హాలంతా జనం. పెద్దాయన వీపు ముల్లు నిలబెట్టి నేరుగా మధ్యకు వెళ్లాడు. అక్కడ రాయి లేదు. ఒక చుట్టు చుట్టాడు. తోక ముల్లు చేప అడ్డం తిరిగి తన తోక చూపించింది. పెద్దాయన దాన్ని చూశాడు, ఆగాడు, పక్కకు తప్పుకుని అద్దానికంటిన రొయ్య ముక్క తిన్నాడు. ఆవిడ సంతోషంతో గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

రోజులు గడిచేకొద్దీ పెద్దాయన బొద్దుగా, హాయిగా తయారయ్యాడు. ఆఫీసు మాత్రం నలిగిపోయింది. పెద్దాయనకు ఏదో జబ్బని కొందరన్నారు. మందు పెట్టారని ఇంకొందరన్నారు. టైపిస్టు నమస్కారం పెట్టబోయి, పెట్టాలో వద్దో తెలియక, చేతులు సగంలో దించేసేది. డిజైను సెక్షనులో ఒక పెద్దమనిషి భోజనాల దగ్గర, అంతా రాయిలోనే ఉందన్నమాట అని పైకే అనేశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు అన్నం వదిలి లేచి వెళ్లిపోయారు. అది ఏ రాయి గురించో ఎవరూ అడగలేదు. ఎండీగారి గది ఉన్న అంతస్తులో ఆరేళ్లలో ఐదుగురు డిప్యూటీలు తమంతట తామే తప్పుకున్న సంగతి కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

సరిగ్గా నెల పూర్తయిన రోజున ఎండీగారు తిరిగొచ్చారు. అక్వేరియం ముందు నాలుగు నిమిషాలు నిలబడ్డారు. పెద్దాయన ముళ్ల చేప పక్కన తీరిగ్గా ఈదుతున్నాడు. ఎండీగారు, "ఇతనేనా?" అన్నారు. లిఫ్టు వచ్చింది.

ఆయన ఆజ్ఞాపించింది ఏమీ లేదు, కోప్పడిందీ లేదు. కానీ సాయంత్రానికల్లా సిబ్బంది తమంతట తామే ఒక వినతిపత్రం తయారుచేశారు. "పెద్దాయన వ్యక్తిత్వానికి జరిగిన నష్టం మమ్మల్ని కలచివేస్తున్నది. రాయిని యథాస్థానంలో ఉంచి, అహంభావం గల చేపలను తొలగించి, వినయశీలురైన చిన్న చేపలను నియమించ ప్రార్థన." డెబ్బై మూడు సంతకాలు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. వరుసలో తోపులాట జరిగిందని మాత్రం తెలిసింది.

మేనేజరుగారు ఆవిడను పిలిచి మొదటిసారి కుర్చీ చూపించారు. పర్మినెంటు ఆర్డరు బల్ల మీదే ఉంది. చేపలు నెల రోజులు బతికాయి, తను మాట తప్పే మనిషి కాదని అన్నారు. అయితే ఫిర్యాదు పెండింగులో ఉండగా ఆర్డరు మీద సంతకం పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆవిడ కూడా వినతిపత్రం మీద సంతకం చేస్తే అది ఫిర్యాదు కాదు, ఏకగ్రీవ అభిప్రాయం. ఏకగ్రీవం అయితే అడ్డు లేదు. రేపటి దాకా ఆలోచించుకోమన్నారు.

ఆవిడ వినతిపత్రం పట్టుకుని బయటికి వచ్చింది. మొదటి సంతకం టైపిస్టుది. ఎండీగారి గదిలోంచి వచ్చిన ప్రతిసారీ ఆ బాత్రూములోనే కుళాయి తిప్పుకుని ఏడ్చే మనిషి. ఆవిడకు ఒళ్లు మండింది. ఆమె బల్ల దగ్గరికి వెళ్లి, నీకేం పోయిందమ్మా, ఎందుకు పెట్టావు అని అడిగేసింది.

టైపిస్టు తల ఎత్తలేదు. "మీకేం అక్కా, రాయి జరిపారు, అయిపోయింది. నేను పదకొండేళ్లుగా భయపడుతున్నాను. ఇంట్లో ఆయనకూ పిల్లలకూ అదే చెప్పాను, పెద్ద ఆఫీసు, భయపడకపోతే కుదరదని. ఇప్పుడెళ్లి రాయి జరిపితే సరిపోయేదట అని ఏ మొహంతో చెప్పను?"

ఆవిడ వినతిపత్రం మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంటికి వెళ్లింది. కూతురు బట్టలు మార్చుకుంటుంటే తోడికోడలు తెర తీసి, పంచదార ఉందా అని అడిగింది.

మర్నాడు ఆఫీసు తెరవకముందే ఆవిడ రెండు చేపలనూ జాగ్రత్తగా పట్టి తండ్రి దుకాణానికి పంపించింది. రాళ్లన్నీ ఎక్కడివక్కడ పేర్చింది. పెద్దాయన కన్నంలో దూరి, చుట్టూ చూసి, ఆవిడ చెయ్యి బయటికి తీసేలోపే నాలుగో గాటు పెట్టాడు. హాలులో నిలబడి చూస్తున్న సిబ్బంది గుండెల మీద చేతులు వేసుకుని ఊపిరి పీల్చుకున్నారు. ఒకరిద్దరికి కళ్లనీళ్లు వచ్చాయి.

ఆవిడ వేలికి గుడ్డ చుట్టుకుని వెళ్లి, డెబ్బై నాలుగో సంతకం పెట్టింది. చదువుతున్నవారికి ఆవిడ మీద కోపం రావడం సహజం. ఆవిడ ఒక రాత్రంతా ఆలోచించి మరీ పెట్టింది. మనమైతే డెబ్బై నాలుగు దాకా ఆగేవాళ్లం కాదు, మొదటి పేజీలోనే చోటు చూసుకునేవాళ్లం.